చేయి ఆపుకొనుట

మా నాయన మామిడికాయలు తోలిన పికప్పు బండి తమిళనాట ధర్మపురికి వెలుపల పెన్నాగరము బాటలో నున్న మా తోటయందు, చింతచెట్టు క్రింది కొట్టములో, పందొమ్మిది సంవత్సరములు కదలక నిలిచియుండెను. దానిని మరల నడుపవలెనని సంకల్పము కలిగిన దినముననే నేను అంగడికి పోయి నాలుగు రకముల ఉప్పుకాగితమును, రెండు డబ్బాల రంగును కొనితెచ్చితిని. ఏలయన, పాతదానిని బాగుచేయుట యన్నచో దాని పాతదనమును పోగొట్టుటయే యని అప్పటికి నేనెరిగిన అర్థము. అరుగు మీద కూర్చుండి చింతపండు గింజలు తీయుచున్న మా అమ్మ నా సరంజామానంతయు చూచి, "ముందు దుమ్ము కడుగు నాయనా, గీకేది ఎప్పుడైనా గీకుకోవచ్చు" అనెను. నాలుగు బిందెల నీళ్ళు పోసి మెత్తని గుడ్డతో తుడిచిన పిమ్మట, ఎడమ తలుపు మీద, ఎండకు వెలిసి బూడిదవన్నెకు తిరిగిన నీలిరంగు నడుమ, పైన అరవములోను క్రింద తెలుగులోను వ్రాసిన మా మండీ పేరు మసకగా తేలివచ్చెను. ఆ తెలుగక్షరములను వ్రాయించుటకై మా నాయన కుప్పమునుండి ఒక పెయింటరును పిలిపించి, రెండు దినములు ఇంట అన్నము పెట్టి ఉంచుకొనెనట. ధర్మపురిలో తెలుగు వ్రాయగల పెయింటరు ఆ కాలమున ఆయనకు దొరకలేదు. నేను తెచ్చిన ఉప్పుకాగితమునకు ఆ యక్షరములను తుడిచివేయుట పది నిమిషముల పని.

కడచిన అధ్యాయములయందు పూనికను గూర్చి, పట్టుదలను గూర్చి, మొదలుపెట్టిన పనిని తుదముట్టించుటను గూర్చి చెప్పితిని. అవి యన్నియు చేయి సాచుటకు సంబంధించినవి. చేయి ఆపుకొనుట యనునది వేరొక విద్య. అది మొదటిదానికంటె కష్టతరమని నా యనుభవము. చేసిన పని పదుగురి కంటబడును. చేయక మానిన పనిని మెచ్చుకొనువారుండరు. నేను ఆ విద్యను ఈ బండివద్దనే నేర్చితిని కావున, బండి మరమ్మతును చెప్పుచునే దానిని చెప్పెదను.

మాది జీపు వంశపు బండి. 1945లో స్థాపితమైన మహీంద్రా సంస్థ 1947 నుండి బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చుట ప్రారంభించెను. ముక్కును కుదించి, డ్రైవరును ఇంజను సరసనే ముందునకు జరిపి, వెనుక సరకుకు చోటు పెంచిన ఎఫ్‌సీ-150 అను పికప్పు ఆ కుటుంబములోనే తరువాత వచ్చినది; మాది అదియే. 1956 చివర అమెరికాలో వెలువడిన ఆ యాకృతిని కల్పించినవాడు బ్రూక్స్ స్టీవెన్స్. నాలుగు సిలిండర్లు, రెండు లీటర్లకు పైచిలుకు పెట్రోలు ఇంజను, ఎంత మోసినను విసుగు చెందని కమాను కట్టలు. వెనుక తొట్టిని మాత్రము నామక్కల్లు వడ్రంగులు చేసిరి. లారీ బాడీలకు నామక్కల్లు నేటికిని పేరుపడిన యూరు. తోతాపురి గంపలును, రాగుల మూటలును జారిజారి ఆ తొట్టి పలకలు అరగదీసిన గంధపుసానవలె నున్ననయ్యెను. డ్రైవరు ప్రక్క కిటికీ అంచున, మా నాయన మోచేయి ఆనించుకొను చోట, రంగు పూర్తిగ పోయి రేకు గోధుమవన్నెకు తిరిగి మెరయుచుండెడిది.

ఇట్టి మార్పును పాశ్చాత్యులు 'పాటినా' అందురు. నేను కాలపు వన్నె యనుచున్నాను. ఎండ, వాన, చేతిచెమట, పని, ఈ నాలుగును కలిసి ఏండ్ల తరబడి వేసిన పూత అది. ఏ షెడ్డులోను ఏ ధరకును దొరకదు. అయితే కాలము వన్నెనిచ్చు చేతితోనే వినాశమును కూడ ఇచ్చును గనుక, ఏది వన్నె, ఏది వినాశము అని వేరుపరచుటయే ఈ పనిలో మొదటి వివేకము. ఇనుముతోడి పరిచయము మన నేలకు క్రొత్తది కాదు. ఒకనాడు ధర్మపురి జిల్లాలోనిదై, 2004 నుండి కృష్ణగిరి జిల్లాలో చేరిన మైలాడుంపారైలో దొరికిన ఇనుప వస్తువుల కాలము క్రీస్తుపూర్వము 2172 వరకు పోవుచున్నదని 2022లో తమిళనాడు శాసనసభలో ప్రకటించిరి. ఢిల్లీలోని ఇనుప స్తంభము పదునారు వందల సంవత్సరములుగా వానలో నిలిచియున్నది. ఆ లోహమున భాస్వరము అధికముగా నుండుటచే తుప్పుకును ఇనుమునకును నడుమ ఒక సన్నని ఫాస్ఫేటు పొర ఏర్పడి లోపలి లోహమును కాపాడుచున్నదని ఐఐటీ కాన్పూరు లోహశాస్త్రజ్ఞుడు ఆర్. బాలసుబ్రహ్మణ్యం నిరూపించెను. ఆ స్తంభమును గీకి తెల్లగా చేయుట కంటె దానికి చేయగల పెద్ద అపకారము వేరొకటి లేదు.

మన బండి రేకులో అట్టి భాగ్యము లేదు. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె కొన్ని రెట్లు ఎక్కువ చోటు నాక్రమించును కనుక, పొరలు పొరలుగా ఉబ్బి లేచి, తేమకు క్రొత్త ద్వారములు తెరచుచు లోలోనికి దిగును. అయినను తుప్పంతయు ఒక్క రకము కాదు. స్క్రూడ్రైవరు పిడితో రేకును తట్టి వినుడు. ఖంగుమని మ్రోగి, గుడ్డతో తుడిచినప్పుడు ఎర్రని పొడి కొంచెమే అంటిన చోట, అది పైపై తుప్పు, ఉండనీయవచ్చును. డొల్లగా పలికి, మొన తగిలినంతనే పెచ్చులూడు చోట, అది పుండు, కోసివేయవలసినదే. తలుపుల అడుగున నీరు పోవు రంధ్రములు మట్టితో పూడుకొనిన చోట, బ్యాటరీ పెట్టె క్రింద, కాళ్ళ క్రింది రేకున, చాసిస్సుకు క్యాబిను బిగించిన చోట తప్పక వెదకుడు. ధర్మపురి సముద్రమునకు దూరము, ఉప్పుగాలి సోకదు, అందువలన మా బండికి పుండ్లు తక్కువ, వన్నె ఎక్కువ. మదరాసులోనో విశాఖలోనో ఇన్ని యేండ్లు నిలిచిన బండి నుండి ఇంత ఆశింపరాదు. వానలు ముదిరిన ఆశ్వయుజ, కార్తీక మాసములలో రేకును విప్పి పెట్టకుడు. మాఘము మొదలు వైశాఖము వరకు మంచికాలము.

ఇక్కడ నా తప్పు నొకదానిని చెప్పవలెను. పని మొదలైన రెండవ నెలలో, తలుపు గొళ్ళెము బిగించుటకై బండిని ఒక షెడ్డునకు అప్పగించి, హోసూరులో పెండ్లికని రెండు దినములు పోయితిని. తిరిగివచ్చునప్పటికి అచటి కుర్రవాడు, మంచి మనసుతోనే, కిటికీ అంచున మా నాయన మోచేయి ఆనిన చోటును గ్రైండరుతో తెల్లగా చేసి ప్రైమరు పూసియుండెను. గొళ్ళెము మాత్రము చక్కగా బిగించెను. వాని నేమి అనగలను? ఏది చేయవలెనో చెప్పితిని గాని, ఏది చేయరాదో చెప్పనైతిని. మా అమ్మ వచ్చి ఆ యంచు మీద అరచేయి ఉంచి, ఒక్క మాటయు అనక లోనికి పోయెను. ఆ వన్నె మరల రావలెనన్నచో ఆ కిటికీ మీద ఇంకొకరి మోచేయి ముప్పది సంవత్సరములు ఆనవలెను.

నాటినుండి నేననుసరించు పద్ధతి ఇది. పని మొదలిడకముందు ఒక పూర్తి దినము బండి చుట్టును తిరిగి, పడమటి యెండలో ప్రతి ప్రక్కను ఫోటో తీసి, బాగుచేయవలసిన చోట్ల సుద్దతో గుండ్రము చుట్టుదును. ముట్టరాని చోట్ల కాగితపు టేపు అంటించి, పనివారు చదువునట్లు అరవములో 'తొడాదే' (ముట్టకు) యని వ్రాయుదును. సుద్ద గుర్తులకంటె టేపు గుర్తులు ఎక్కువైనచో పని సరియైన దారిలో నున్నట్లు. ఈ యలవాటును మీరు ఇంటి మరమ్మతునకు, తాతలనాటి బీరువాకు, చివరకు సంసారములోని తగవులకు కూడ వాడుకొనవచ్చును. ఏది ముట్టరాదో ముందుగా వ్రాసికొనినవాడు ముట్టవలసినదానిని ధైర్యముగా ముట్టగలడు.

ముట్టవలసినది ఏది? ప్రాణమునకు సంబంధించినదంతయు. ఇచట జాలి పనికిరాదు, పాతదనము మీది మమకారము అసలే పనికిరాదు. ధర్మపురి దాటి సేలము వైపు పోవు 44వ నంబరు జాతీయ రహదారి తొప్పూరు కనుమలో దిగునప్పుడు లారీలు అదుపు తప్పుట ఈ ప్రాంతమువారందరు ఎరిగిన విషాదము. డ్రమ్ము బ్రేకులు దీర్ఘమైన దిగుడులో వేడెక్కినప్పుడు డ్రమ్ము వ్యాకోచించి లైనింగునకు దూరమగును, లైనింగు పట్టు సడలును. ఏండ్లుగా తేమను పీల్చుకొనిన బ్రేకు ఆయిలు మరిగి గొట్టములలో ఆవిరి బుడగలు కట్టును. అప్పుడు పెడలు నేలకంటినను బండి నిలువదు. కావున మాస్టరు సిలిండరును, చక్రముల వద్ది సిలిండర్లను విప్పి రబ్బరు వాషర్లన్నియు మార్చుడు. రబ్బరు గొట్టములు చూపునకు బాగున్నను పారవేయుడు. ఇనుప గొట్టములను క్రొత్తవి వేయించుడు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండును గనుక ఆ దుమ్మును గాలితో ఊదక, తడిగుడ్డతో తుడిచి సంచిలో కట్టి వేయుడు. బ్రేకు ఆయిలు రంగును తినివేయును. ఒక్క చుక్క చిందినను వెంటనే నీళ్ళతో కడుగవలెను, లేనిచో మీరు కాపాడదలచిన వన్నెను మీ చేతితోనే మీరు కాల్చినవారగుదురు. ఇన్ని చేసినను కనుమ దిగునప్పుడు న్యూట్రలు వేయరాదు; ఎక్కునప్పటి గేరులోనే దిగవలెను.

టైర్ల ప్రక్కగోడ మీద చివరి నాలుగంకెలు అవి తయారైన వారమును, సంవత్సరమును తెలుపును. 2319 అనగా 2019వ సంవత్సరపు ఇరువదిమూడవ వారము. మూడే అంకెలున్నచో అది గత శతాబ్దపు టైరు; దాని గాట్లు ఎంత లోతుగా నున్నను తోటలో చెట్టునకు ఊయెలగా కట్టుడు. పెట్రోలు సంగతి కూడ మారినది. నేడు బంకులలో పోయు పెట్రోలున నూటికి ఇరువది పాళ్ళ వరకు ఇథనాలు కలియుచున్నందున పాతకాలపు రబ్బరు గొట్టములు, కార్బురేటరు లోపలి వాషర్లు ఉబ్బి చీలును. ఇథనాలును తట్టుకొనునవి వేయవలెను. వైర్లు క్రొత్తవి వేసి, ప్రతి దారికిని ఫ్యూజు పెట్టుడు.

బిగిసిన ఇంజనును సెల్ఫుతో తిప్పుట క్రూరము. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రములలో కిరసనాయిలు కలిపిన ఇంజను ఆయిలు కొంచెము కొంచెముగా పోసి, మూడు దినములు వదలి, తరువాత ముందున్న హ్యాండిలుతో చేతి బలమునకు లొంగునంత మేరకే కదుపవలెను. మాది అయిదవ దినమున కదలెను. మా మేస్త్రీకి డెబ్బది దాటినవి, మొరసునాడను ప్రాంతపు తెలుగువాడు. ఆ కదలికను చేతిలో పసిగట్టి, "వస్తా ఉంది సామీ, నిద్ర లేచే బిడ్డ మాదిరి వస్తా ఉంది, తొందరపెట్టొద్దు" అనెను.

ఇక చర్మము. అనగా రంగు, రేకు, అక్షరములు. ఇచట పని బహు స్వల్పము, ఓర్పు బహు దీర్ఘము. ఘాటులేని సబ్బు నీటిలో కలిపి, మెత్తని గుడ్డతో, పసిబిడ్డకు స్నానము చేయించునట్లు పైనుండి క్రిందికి కడుగుడు. నీటిని పిచికారిగా కొట్టు యంత్రము వద్దు. లేచిన రంగుపెళ్ళలను అది ఎగురగొట్టును. మన ఇండ్లలో చిలుము కనబడినంతనే చింతపండు కొరకు చేయి పోవుట సహజము. ఇత్తడి బిందెకు అది మేలు గాని, మన బండికి ఆ పులుపు తగులరాదు. పాత ప్రైమర్లలో ఎర్రసీసము ఉండుట కద్దు, కావున ఏ కారణముననైనను పొడిగా రుద్దకుడు. ఆ ధూళి పిల్లల దేహములోనికి పోయినచో కలుగు హాని తీరనిది. రుద్దక తప్పనిచో తడిపి, ముక్కునకు మాస్కు కట్టుకొని రుద్దుడు.

తుప్పును మార్చు ద్రావకములని అంగళ్ళలో సీసాలు అమ్ముదురు. వానిలో ఫాస్ఫారికామ్లమో, టానిన్లో ఉండును. మన పూర్వులు కరక్కాయ కషాయములో అన్నభేదిని కలిపి నల్లని సిరా చేసినదియు ఈ టానిన్ల మహిమయే. ఇనుమును తాకినంతనే నల్లబడును. అందువలననే ఈ ద్రావకములను చాసిస్సు లోపల, తలుపుల అడుగున, కంటికి కనబడని చోట నిశ్చింతగా వాడుడు. పైరేకు మీద వాడినచో ఎరుపు, గోధుమ, బూడిదవన్నెల కలయిక అంతయు ఒక్క నల్లమరకగా మారును. పైరేకునకు రెండు దారులున్నవి. ఉడికించిన అవిసెనూనెను గుడ్డతో అతి పలుచగా అద్ది, అంటుకొనని శేషమును తుడిచి, ఒక దినము ఆరనిచ్చుట ఒకటి. అది వెలిసిన రంగునకు లోతునిచ్చును గాని, ఏండ్లు గడచిన కొలది పసుపెక్కి నల్లబడును. టర్పెంటైనులో కరగించిన తేనెమైనమును పూసి మెత్తగా తోముట రెండవది. అది తేలిక, ఏడాదికి రెండుమార్లు మరల చేయవలెను, వద్దనుకొన్నచో తీసివేయవచ్చును. తీసివేయదగినదానినే నేనెన్నుకొంటిని. ఏ దారినైనను ముందుగా తొట్టి తలుపు లోపలివైపు అరచేతి మేర పూసి, వారము దినములు చూచి నిర్ణయించుకొనుడు. తుప్పు మీద నేరుగా పారదర్శకమైన లక్కవంటి పూత కొట్టించుమని చెప్పువారి మాట నేను వినను. దాని క్రింద చిక్కిన తేమ లోలోన పనిచేసి, కొన్నేండ్లకు ఆ పూత వన్నెతో సహా ఊడివచ్చును.

అవిసెనూనె వాడువారికి ఒక హెచ్చరిక. నూనె ఆరునప్పుడు గాలితో కలిసి వేడి పుట్టించును. నలిపి మూల పడవేసిన నూనెగుడ్డ, నిప్పు తగులకయే తనంత తాను మండగలదు. పని కాగానే గుడ్డలను నీట ముంచి, ఆరుబయట విడివిడిగా పరచుడు. మా వైపు వేసవిలో ఈ మాటను మరచుట కొట్టమును మరచుటయే.

కోసివేసిన పుండ్ల చోట క్రొత్త రేకు అతికింపక తప్పదు. ఆ యతుకునకు తుప్పు రంగు వేసి పాతదివలె నటింపజేయవలెనా యను ప్రశ్న వచ్చును. 1963లో ఇటలీ పండితుడు చేజారె బ్రాండి కళాకృతుల జీర్ణోద్ధరణను గూర్చి వ్రాసిన గ్రంథములో ఒక సూత్రము చెప్పెను: పూరించిన భాగము దూరమునుండి చూచువాని దృష్టిని చెదరగొట్టరాదు, దగ్గరకు వచ్చినవానికి మాత్రము క్రొత్తదని తెలియవలెను. నేను మా బండి అడుగు రేకులకు సాదా బూడిదరంగు ప్రైమరు వేసి వదలితిని. ఉప్పునీళ్ళు, వెనిగరు చల్లి రెండు దినములలో తుప్పు పుట్టించి, దానినే ముప్పదియేండ్ల వన్నెగా చూపువారున్నారు. అది అబద్ధము, చేతిపని యెంత నేర్పుగా నున్నను అబద్ధమే. ఇంగ్లండులో విలియం మారిస్ 1877లో పాత కట్టడముల రక్షణకు స్థాపించిన సంఘమునకు 'గీకవద్దు' అను అర్థమిచ్చు ముద్దుపేరు వచ్చినది. అంతకు మించిన పేరు దానికి నేను కూడ పెట్టలేను. అంతదూరము పోనక్కరలేదు. తమిళనాట ఎన్నో దేవాలయముల స్తంభములను శుభ్రపరచు నెపముతో ఇసుకను పీడనముతో చిమ్మి, ఉలిచెక్కడముల పదునును, శాసనముల అక్షరములను అరగదీసిరి. కడకు దేవాదాయ శాఖయే ఆ పద్ధతిని నిషేధింపవలసివచ్చెను. ధర్మపురి మ్యూజియములోని వీరగల్లులను చూడుడు. వానిపై వానలకు అరిగిన వీరుని కత్తిని మరల చెక్కించి పదును పెట్టవలెనని ఎవరికైనను తోచునా?

చట్టము కూడ ఈ మార్గమునకే వచ్చినది. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహన నిబంధనలకు చేసిన సవరణ ప్రకారము, యాభై సంవత్సరములు దాటి, వ్యాపారమునకు గాక స్వంత వినియోగమునకున్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములను వింటేజి వాహనములుగా నమోదు చేయవచ్చును. అయితే చాసిస్సు, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు జరిగియుండరాదు. క్రొత్త నమోదుకు 20,000 రూపాయలు, పది సంవత్సరముల తరువాత మరల నమోదుకు 5,000. అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, మరమ్మతునకు, పెట్రోలునకు మాత్రమే రోడ్డెక్కింపవలెను. సరకుల బండిగా నమోదైన పికప్పు విషయము వేరుగా నుండును గనుక, ఒక్క బోల్టు విప్పకముందే కాగితములతో ప్రాంతీయ రవాణా కార్యాలయమునకు పోయి విచారించుడు.

పాతదనమును కాపాడు విషయమున అంతర్జాతీయ మార్గదర్శకము కూడ ఒకటి కలదు. పాత వాహనముల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో అంగీకరించిన టురిన్ పత్రము, పునర్నిర్మాణముకంటె పరిరక్షణకే అగ్రస్థానమిచ్చుచున్నది.

మా బండి ఇప్పుడు నడుచుచున్నది. బ్రేకులు క్రొత్తవి, టైర్లు క్రొత్తవి, వైర్లు క్రొత్తవి. తలుపులు, తొట్టి, అక్షరములు పాతవి. చూచిన బంధువులలో సగము మంది, "ఇంత ఖర్చు పెట్టి రంగెందుకు వేయించలేదు?" అని అడుగుచునే యున్నారు. వారికి నేను ఎడమ తలుపు చూపుదును. అరవము చదువువారు అరవమును, తెలుగు చదువువారు తెలుగును చదువుకొందురు. కుడి కిటికీ అంచున ప్రైమరు పూసిన చోటును కూడ చూపుదును, దాచను.

మీ కొట్టములోనో, మామగారి తోటలోనో, రైసుమిల్లు వెనుకనో ఇట్టి బండి ఒకటి నిలిచియుండవచ్చును. దానిని తుక్కువానికి తూచి అమ్మకముందు, రంగుల అంగడికి పోకముందు, దయచేసి నాలుగు బిందెల నీళ్ళు పోసి, మెత్తని గుడ్డతో ఒక్కమారు తుడిచి చూడుడు.